ఎక్కించిన కణాలు ఎక్కడికి చేరాయి? ఇనుప నానో రేణువులతో ఎంఆర్ఐలో జాడ పట్టే పద్ధతి

స్టెమ్ సెల్స్ మీద పని మొదలుపెట్టిన విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "కణాలను ఎలుక మెదడులోకి ఎక్కించాం సరే, అవి అక్కడే ఉన్నాయో లేదో ఎలుకను చంపకుండా ఎలా చూడాలి?" కణాల్లోకి ముందే ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు పంపి, తర్వాత ఎంఆర్ఐ తీస్తే అవి నల్లటి చుక్కగా కనిపిస్తాయి. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇక్కడ నేను తీసుకున్న ఉదాహరణ ఎలుక ఎముక మజ్జలోని మీసెంకైమల్ కణాలు (కొవ్వు, ఎముక, మృదులాస్థిగా మారగల స్టెమ్ సెల్స్). వాటిలోకి ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడ్ రేణువులను ఎక్కించి, ఎలుక మెదడులో పెట్టి, 7 టెస్లా చిన్న జంతువుల స్కానర్‌లో చూస్తాం. ఇది ల్యాబ్ పని కోసం రాసింది, రోగులకు చేసే చికిత్స కోసం కాదు. గందరగోళం లేకుండా "కణం" అంటే సెల్ అనీ, "రేణువు" అంటే నానో పార్టికిల్ అనీ వాడతాను.

ఒక్క మాట గోడ మీద రాసి పెట్టుకోండి. ఎంఆర్ఐకి కనిపించేది ఇనుము. కణం దానికి కనిపించదు. కింద వచ్చే ప్రతి జాగ్రత్తా ఈ తేడా వల్ల వచ్చిందే.

1. ఈ పద్ధతి మీ ప్రశ్నకు పనికొస్తుందా?

ఇది బాగా చెప్పగలిగేవి: సూది సరైన చోట దిగిందా, కణాలు ఎక్కడ పడ్డాయి, మొదటి రెండు మూడు వారాల్లో పక్కకు కదిలాయా.

చెప్పలేనివి: కణాలు బతికే ఉన్నాయా, కచ్చితంగా ఎన్ని ఉన్నాయి, అవి న్యూరాన్లుగా మారాయా.

"సూది సరిగా దిగిందా" అన్నది చిన్న ప్రశ్నలా అనిపించవచ్చు. 2005లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ బృందం మెలనోమా రోగులు 8 మందికి ఇనుము ఎక్కించిన డెండ్రిటిక్ కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలు) టీకాగా లింఫ్ గ్రంథిలోకి ఇచ్చింది. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ ఇచ్చినా, సగం మందిలో కణాలు గ్రంథిలోకి సరిగా చేరలేదని ఎంఆర్ఐలో బయటపడింది. ఇది తెలియకపోతే "టీకా పని చేయలేదు" అని రాసేసేవాళ్లం.

అవయవం కూడా చూసుకోండి. మెదడు, కండరం బాగా అనుకూలం. ఊపిరితిత్తులు గాలి వల్ల ఎలాగూ నల్లగానే ఉంటాయి. కాలేయం, ప్లీహంలో సహజంగానే ఇనుము ఎక్కువ. తోక సిరలోంచి ఇచ్చిన మీసెంకైమల్ కణాలు పెద్దవి కావడంతో ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. అంటే సిర ద్వారా ఇచ్చి ఈ పద్ధతిలో వెతకడం చీకట్లో నల్ల పిల్లిని వెతకడమే.

కణం విభజన చెందే వేగం మరో విషయం. ప్రతి విభజనకు ఇనుము సగమవుతుంది. కణానికి 16 పికోగ్రాములతో మొదలుపెడితే నాలుగు విభజనలకు 1 పికోగ్రామే మిగులుతుంది. వేగంగా పెరిగే కణాలను నెలల తరబడి వెంబడించాలంటే ఈ దారి వద్దు.

మృదులాస్థి మీద పనిచేసేవాళ్లకు ప్రత్యేక హెచ్చరిక. ఫెరుమాక్సైడ్స్ అనే పాత ఇనుప రేణువులను, అవి కణంలోకి దూరేలా చేసే పాలీ లైసిన్‌తో కలిపి ఎక్కించినప్పుడు మీసెంకైమల్ కణాలు కొవ్వు, ఎముక కణాలుగా బాగానే మారాయి కానీ మృదులాస్థిగా మారడం దెబ్బతింది. మీ కణం, మీ రేణువుతో ముందు పరీక్షించుకోండి.

2. అనుమతులు: ఫ్రీజర్‌లోని కణాల మంచు కరిగించకముందే

జంతువుల పనికి మీ సంస్థలోని జంతు నైతిక కమిటీకి ఫారం బీ పెట్టాలి. మానవ స్టెమ్ సెల్స్ అయితే 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం సంస్థలోని స్టెమ్ సెల్ కమిటీకీ వెళ్లాలి. కంట్రోల్ గుంపులకు కావాల్సిన ఎలుకల సంఖ్య మొదటి అప్లికేషన్‌లోనే రాయండి. సగంలో "ఇంకో ఆరు ఎలుకలు కావాలి" అంటే మళ్లీ కమిటీ, మళ్లీ టెన్షన్.

3. సామాన్లు

- ఫెరుమాక్సిటాల్, మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాముల ఇనుము
- హెపారిన్, మిల్లీలీటరుకు 5000 యూనిట్లు
- ప్రొటమిన్ సల్ఫేట్, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు
- సీరం లేని మీడియం, 20 శాతం సీరం ఉన్న మీడియం
- మామూలు పీబీఎస్ (కణాలు కడిగే ఉప్పు ద్రావణం), హెపారిన్ కలిపిన పీబీఎస్ (మిల్లీలీటరుకు 10 యూనిట్లు)
- పొటాషియం ఫెర్రోసయనైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, న్యూక్లియర్ ఫాస్ట్ రెడ్
- ట్రిపాన్ బ్లూ, ఫెర్రోజిన్, ఆస్కార్బిక్ ఆమ్లం
- తక్కువ వేడికి కరిగే అగరోజ్, 0.2 మిల్లీలీటర్ల పీసీఆర్ ట్యూబులు
- ప్లాస్టిక్ ఫోర్సెప్స్ (ఎందుకో కింద చెప్తాను)

పాత పేపర్లలో కనిపించే ఫెరిడెక్స్ (పైన చెప్పిన ఫెరుమాక్సైడ్స్ బ్రాండ్ పేరు) ఇప్పుడు మార్కెట్‌లో లేదు. దాని ప్రోటోకాల్‌లోని అంకెలను ఫెరుమాక్సిటాల్‌కు అంటించకండి. రెండింటి సైజు వేరు, పై పూత వేరు. ఫెరుమాక్సిటాల్ చాలా చిన్నది, 17 నుంచి 31 నానోమీటర్లు. ఊరికే మీడియంలో పోస్తే మీసెంకైమల్ కణాలు దాన్ని పెద్దగా మింగవు. అందుకే హెపారిన్, ప్రొటమిన్ కలిపి గుచ్ఛాలుగా కట్టి ఇస్తాం.

4. మిశ్రమం లెక్క

కావాల్సింది మిల్లీలీటరుకు హెపారిన్ 2 యూనిట్లు, ప్రొటమిన్ 60 మైక్రోగ్రాములు, ఇనుము 50 మైక్రోగ్రాములు. ఒక టీ75 ఫ్లాస్క్‌కు (75 చదరపు సెంటీమీటర్ల కణాల పెంపకం సీసా) 10 మిల్లీలీటర్ల మీడియం అనుకుంటే:

- హెపారిన్: 20 యూనిట్లు. స్టాక్‌లోంచి 4 మైక్రోలీటర్లు. ఇంత తక్కువ తీస్తే పిపెట్ తప్పు ఎక్కువ, కాబట్టి ముందు పదింతలు పలచన చేసి 40 తీయండి.
- ప్రొటమిన్: 600 మైక్రోగ్రాములు, అంటే 60 మైక్రోలీటర్లు.
- ఫెరుమాక్సిటాల్: 500 మైక్రోగ్రాముల ఇనుము, అంటే సుమారు 16.7 మైక్రోలీటర్లు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. 50 మైక్రోగ్రాములు అన్నది ఇనుము బరువు. మొత్తం రేణువు బరువు అనుకుని లెక్క వేస్తే మోతాదు మారిపోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత కలపాలన్నది మీ ల్యాబ్ ప్రోటోకాల్‌లో ఒక్కసారి నిర్ణయించి రాసి పెట్టండి. ఒక్కోసారి ఒక్కోలా కలిపితే గుచ్ఛాల సైజు మారి, ఒక బ్యాచ్‌కు ఇంకో బ్యాచ్‌కు పోలిక ఉండదు. కలిపాక వెంటనే వాడండి, నిల్వ ఉంచకండి.

5. కణాల్లోకి ఇనుము ఎక్కించడం

1. ఫ్లాస్క్‌లో కణాలు 80 శాతం నిండేదాకా ఆగండి. పూర్తిగా కిక్కిరిసిన ఫ్లాస్క్‌లో ఇనుము సమంగా ఎక్కదు.
2. పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. సీరం మిగలకూడదు. సీరంలోని ప్రోటీన్లు ప్రొటమిన్‌ను పట్టేసుకుంటాయి.
3. సీరం లేని మీడియంలో కలిపిన మిశ్రమం 10 మిల్లీలీటర్లు పోయండి. ఇంక్యుబేటర్‌లో 4 గంటలు.
4. దాన్ని తీయకుండానే 20 శాతం సీరం ఉన్న మీడియం మరో 10 మిల్లీలీటర్లు కలపండి. ఇప్పుడు సీరం 10 శాతం అవుతుంది. రాత్రంతా వదిలేయండి.
5. ఉదయం హెపారిన్ పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి. కణం పొరకు బయట అంటుకున్న గుచ్ఛాలు దీనితో ఊడిపోతాయి. మామూలు పీబీఎస్ ఇక్కడ చాలదు.
6. ట్రిప్సిన్‌తో లేపి, సెంట్రిఫ్యూజ్ చేసి, లెక్కపెట్టండి.

ఇదే రోజు ఇంకో ఫ్లాస్క్‌లో ఇనుము లేకుండా అన్ని అడుగులూ చేయండి. అదే మీ లేబుల్ లేని (అంటే ఇనుము ఎక్కని) కంట్రోల్.

ట్యూబ్ అడుగున పెల్లెట్ తుప్పు రంగులో కనిపిస్తే మంచి గుర్తు. దాన్ని చూసి సంతోషపడి పరీక్షలు మానేయకండి. బయట అంటుకున్న ఇనుము కూడా అదే రంగు ఇస్తుంది.

6. మూడు పరీక్షలు. మూడూ పాసైతేనే ముందుకు

*ప్రష్యన్ బ్లూ.* ఇనుమును నీలంగా చూపే రంగు. 4 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్, 4 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం అప్పటికప్పుడు సమానంగా కలిపి, ఫిక్స్ చేసిన కణాల మీద 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. కడిగి న్యూక్లియర్ ఫాస్ట్ రెడ్ వేయండి. పదింట తొమ్మిది కణాలకు పైగా లోపల నీలి చుక్కలు కనిపించాలి. స్టీల్ ఫోర్సెప్స్ ముంచితే దాని ఇనుము కూడా నీలంగా మారుతుంది. ప్లాస్టిక్ ఎందుకు అన్నది ఇందుకే. ఇంకో జాగ్రత్త: ఈ ద్రావణాన్ని వేడి చేయకండి, గాఢ ఆమ్లం ఉన్న వ్యర్థాల డబ్బాలో పోయకండి, విషవాయువు రావచ్చు.

*బతికున్న శాతం.* ట్రిపాన్ బ్లూ, ఇది చచ్చిన కణాలకే అంటే రంగు. లేబుల్ లేని ఫ్లాస్క్‌తో పోలిస్తే తేడా ఉండకూడదు. ఆ రోజు మాత్రమే చూస్తే చాలదు, కొన్ని కణాలను మళ్లీ ప్లేట్ చేసి మూడో రోజు, ఏడో రోజు పెరుగుదల చూడండి.

*కణానికి ఎంత ఇనుము.* 10 లక్షల కణాలను ఆమ్లంలో కరిగించి, ఆస్కార్బిక్ ఆమ్లంతో ఇనుమును ఫెర్రస్ రూపంలోకి తెచ్చి, ఫెర్రోజిన్ వేసి 562 నానోమీటర్ల దగ్గర చదవండి. అన్నే లేబుల్ లేని కణాల రీడింగ్ తీసేయండి. 15 మైక్రోగ్రాములు వస్తే కణానికి 15 పికోగ్రాములు. 10 నుంచి 20 మధ్య ఉంటే పని జరుగుతుంది. అందుబాటులో ఉంటే ఐసీపీ మాస్ స్పెక్ట్రోమెట్రీ మరీ మంచిది.

ఎక్కువ చెడిపోయేది ఈ దశలోనే. ఏం జరిగితే ఏం చేయాలంటే:

- నీలం కణాల బయట ముద్దలుగా ఉంది: మిశ్రమం గడ్డకట్టింది, లేదా హెపారిన్ కడగడం తగ్గింది. తాజాగా కలపండి, ఒకసారి అదనంగా కడగండి.
- సగం కణాలే నీలం: సీరం మిగిలి ఉంది, లేదా ఫ్లాస్క్ కిక్కిరిసింది.
- కణాలు ఊడిపోతున్నాయి, చస్తున్నాయి: ముందుగా ప్రొటమిన్ లెక్క మళ్లీ చూడండి. ఎక్కువైతే అది కణానికి విషమే. లెక్క సరిగ్గా ఉంటే 4 గంటల్ని 2 గంటలకు తగ్గించండి.
- ఫెర్రోజిన్‌లో కంట్రోల్ కూడా ఎక్కువ చూపిస్తోంది: గాజు సామాను ఆమ్లంతో కడగలేదు.

7. ఫాంటమ్ (స్కానర్‌కు పెట్టే పరీక్ష నమూనా): ఎలుకను ముట్టుకోక ముందు

1 శాతం అగరోజ్‌ను 40 డిగ్రీల దాకా చల్లార్చి, అందులో కణాలను కలిపి పీసీఆర్ ట్యూబుల్లో పోయండి. ట్యూబుకు 1000, 5000, 10 వేలు, 50 వేలు, లక్ష కణాలు. పక్కన లక్ష లేబుల్ లేని కణాలు, ఉత్త అగరోజ్. ట్యూబులన్నిటినీ ఒక అగరోజ్ డబ్బాలో గుచ్చి స్కాన్ చేయండి. గాలి బుడగ ఒక్కటి చాలు, ట్యూబ్ మొత్తం నల్లబడుతుంది. మెల్లగా పోసి, బుడగ కనిపిస్తే ఆ ట్యూబ్ పారేయండి.

పలు ఎకోల గ్రేడియంట్ ఎకో స్కాన్ (సిగ్నల్‌ను వేర్వేరు సమయాల్లో చదివే, ఇనుమును బాగా పట్టే స్కాన్) తీసి, టీ2 స్టార్ విలువ (సిగ్నల్ ఎంత త్వరగా తగ్గిపోతుందో చెప్పే సమయం) లెక్కకట్టి, దాని విలోమాన్ని ఇనుము మోతాదుతో గ్రాఫ్ వేయండి. సరళ రేఖ రావాలి. పై చివర వంగిపోతే అక్కడ సిగ్నల్ మొదటి ఎకో వచ్చేలోపే చచ్చిపోయిందని అర్థం. ఆ పైన లెక్క కట్టకండి.

నీళ్లలో కలిపిన ఫెరుమాక్సిటాల్‌తో ఈ గీత వేయకండి. కణం లోపల ముద్దగా ఉన్న ఇనుము విడిగా తేలుతున్న ఇనుములా ప్రవర్తించదు.

8. ఎలుకల గుంపులు

ఇక్కడ పొదుపు చేస్తే ప్రయోగం మొత్తం దండగ. ఎందుకో లెక్క చూడండి. మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మీరు ఎక్కించే లక్ష కణాల్లో, కణానికి 15 పికోగ్రాముల చొప్పున, ఉన్నది 1.5 మైక్రోగ్రాములు. అంటే సూది దారిలో కారే 3 మైక్రోలీటర్ల రక్తంలో కూడా అంతే ఇనుము ఉంటుంది.

మేం మొదటిసారి మూడు వారాల పాటు చెక్కుచెదరని నల్ల చుక్కను చూసి సంబరపడ్డాం. ఆ తర్వాత పీబీఎస్ మాత్రమే ఎక్కించిన ఎలుకను స్కాన్ చేస్తే దానిలోనూ చుక్క ఉంది. కాస్త చిన్నది, అంతే.

కావాల్సిన గుంపులు:

- లేబుల్ చేసిన బతికున్న కణాలు
- లేబుల్ చేసి, మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి చంపిన కణాలు
- లేబుల్ లేని కణాలు
- పీబీఎస్ మాత్రమే
- వీలైతే, కణాలు లేకుండా అంతే ఇనుము ఉన్న రేణువులు

రెండో గుంపును చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కణం చచ్చాక దాని ఇనుము మాయమైపోదు. చుట్టూ ఉన్న చెత్త మింగే కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, మెదడులోని మైక్రోగ్లియా, దాన్ని మింగి అక్కడే కూర్చుంటాయి, నెలల తరబడి. గుండెలోకి కణాలిచ్చిన ప్రయోగాల్లో, కణాలు పోయిన తర్వాత కూడా నల్ల మచ్చ అలాగే నిలిచింది.

9. ఇంజెక్షన్ రోజు

ముందుగా లోహాలు ఏరేయండి:

- చెవికి లోహపు ట్యాగ్ వద్దు, చెవి అంచున గాటు లేదా తోక మీద గుర్తు చాలు
- కోతకు లోహపు క్లిప్పులు వద్దు, దారంతో కుట్టండి
- స్టీల్ డ్రిల్ బిట్ పుర్రెను తొలిచేటప్పుడు కంటికి కనపడని లోహపు పొడి రాలుస్తుంది. మెల్లగా తొలిచి, రంధ్రాన్ని సెలైన్‌తో బాగా కడగండి

తర్వాత:

1. కణాలను లక్షకు 3 నుంచి 5 మైక్రోలీటర్లు వచ్చేలా చిక్కగా చేసి ఐస్ మీద ఉంచండి.
2. ప్రతి ఎలుకకూ ముందు ట్యూబ్‌ను మెల్లగా తట్టి కలపండి. కణాలు త్వరగా అడుగుకు చేరతాయి. ఇది మర్చిపోతే మొదటి ఎలుకకు ఎక్కువ, చివరిదానికి తక్కువ, లేదా అటుదిటు.
3. సిరంజిలో గాలి లేదని వెలుతురుకు ఎత్తి చూడండి.
4. నిమిషానికి అర మైక్రోలీటరు వేగంతో ఎక్కించండి. అయ్యాక 5 నిమిషాలు సూదిని కదపకండి. ఆ తర్వాత ఒక్కో మిల్లీమీటరు చొప్పున పైకి తీయండి. గబుక్కున లాగితే కణాలు సూది వెంటే పైకొచ్చేస్తాయి.
5. మిగిలిన కణాలను అన్నీ అయ్యాక ట్రిపాన్ బ్లూతో మళ్లీ లెక్కపెట్టండి. రెండు మూడు గంటలు ఐస్ మీద ఉన్నాక ఎన్ని బతికున్నాయో అదే మీ అసలు డోసు.

ఏ ఎలుక ఏ గుంపో స్కాన్ చేసేవాళ్లకు తెలియనివ్వకండి. కోడ్ నంబర్లు వేయండి.

10. స్కాన్

ఇంజెక్షన్‌కు ముందు ఒక స్కాన్ తప్పనిసరి. సిరలు, చెవి దగ్గరి గాలి గదులు ఎలాగూ నల్లగా కనిపిస్తాయి. ముందు స్కాన్ ఉంటేనే ఏది కొత్తదో తెలుస్తుంది. తర్వాత 1, 3, 7, 14, 28 రోజులు.

ఐసోఫ్లురేన్ 3 నుంచి 4 శాతంతో మత్తులోకి దించి, 1 నుంచి 2 శాతం మీద నడపండి. ఒళ్లు వెచ్చగా ఉంచండి, ఊపిరి లెక్క చూస్తూ ఉండండి.

తీయాల్సినవి మూడు:

- శరీర నిర్మాణం కోసం టీ2 చిత్రం
- ఇనుము కోసం పలు ఎకోల గ్రేడియంట్ ఎకో. 7 టెస్లాలో 100 మైక్రాన్ల పిక్సెల్, 300 నుంచి 500 మైక్రాన్ల స్లైస్‌తో మొదలుపెట్టవచ్చు
- రక్తాన్ని పట్టుకోవడానికి టీ1 చిత్రం, ముఖ్యంగా మొదటి వారంలో

ఎకో సమయం పెంచితే తక్కువ ఇనుము కూడా కనిపిస్తుంది. కానీ చుక్క అసలు సైజు కంటే ఉబ్బుతుంది. దీన్నే బ్లూమింగ్ అంటారు. 5 నుంచి 10 మిల్లీసెకన్ల మధ్య ఒకటి ఎంచుకుని చివరిదాకా మార్చకండి. మూడో రోజు 6, పద్నాలుగో రోజు 10 పెట్టి "చుక్క పెరిగింది" అని రాసిన రిపోర్టులు నేను చూశాను.

11. నల్ల చుక్కను విచారించడం

చుక్క కనపడగానే దాన్ని నేరస్థుడిలా కాకుండా అనుమానితుడిలా చూడండి.

- కొన్ని రోజుల్లో మాయమైందా? చాలావరకు గాలి బుడగ.
- మొదటి వారంలో టీ1 చిత్రంలో తెల్లటి అంచు వచ్చిందా? రక్తం. మెథిమోగ్లోబిన్ అలా మెరుస్తుంది. తర్వాత హీమోసిడెరిన్‌గా మారి శాశ్వతంగా నల్లబడుతుంది.
- పక్క స్లైసుల్లో గీతలా సాగుతోందా? సిర, లేదా సూది దారి.
- ముందు స్కాన్‌లోనూ ఉందా? ఇక చెప్పేదేముంది.
- చంపిన కణాల గుంపులోనూ అంతే సైజులో, అంతకాలం ఉందా? అయితే మీ చుక్క ఆధారంగా "కణాలు బతికాయి" అని రాయలేరు.

చుక్క వైశాల్యాన్ని కణాల సంఖ్యగా మార్చకండి. అంకె ఇవ్వాల్సి వస్తే టీ2 స్టార్ విలువ నుంచి, ఫాంటమ్ గీత వంగని పరిధిలో మాత్రమే ఇవ్వండి. అది కూడా "ఇనుము అంచనా" అనే పేరుతో.

మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్ స్కానర్ అందుబాటులో ఉంటే లెక్క సులువవుతుంది. అది ఇనుప రేణువులనే నేరుగా వెలుగుగా చూపిస్తుంది, గాలీ రక్తమూ అడ్డురావు. అయినా బతికుందా లేదా అన్న ప్రశ్నకు దాని దగ్గరా జవాబు లేదు. దానికి కణాల్లో లూసిఫరేజ్ జన్యువు ముందే పెట్టుకుని, కాంతి ఇమేజింగ్ జోడించాలి. బతికున్న కణమే వెలుగు ఇస్తుంది. చోటు ఎంఆర్ఐ చెప్తుంది, ప్రాణం ఉందో లేదో వెలుగు చెప్తుంది.

12. కణజాలంతో సరిచూడటం

ప్రతి సమయానికీ కొన్ని ఎలుకలను కేటాయించి మెదడు తీయండి. అన్నీ 28వ రోజుకే ఆపితే, కణాలు ఏ రోజు చచ్చాయో ఎప్పటికీ తెలియదు.

- న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ మాత్రమే వాడండి. ఆమ్లం ఉన్న ఫిక్సేటివ్ ఇనుమును కడిగేస్తుంది.
- ఎంఆర్ఐ స్లైస్ ఏ కోణంలో ఉందో అదే కోణంలో కోయండి. యాంటీరియర్ కమిషర్ లాంటి ఒక గుర్తును రెండు చోట్లా పట్టుకోండి.
- దాత కణాన్ని ఇనుముతో సంబంధం లేని గుర్తుతో వెతకండి: జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్), లేదా మగ ఎలుక కణాలు ఆడ ఎలుకలో పెడితే వై క్రోమోజోమ్.
- మాక్రోఫేజ్‌ల కోసం సీడీ68, మైక్రోగ్లియా కోసం ఐబీఏ1.
- డ్యాబ్ అనే గోధుమ రంగు మరక వాడకండి, ఇనుప మరకతో కలిసిపోతుంది. ముందు ఫ్లోరసెన్స్ ఫొటోలు తీసి, అదే సెక్షన్ మీద తర్వాత ప్రష్యన్ బ్లూ వేయండి.

చివరగా ప్రతి సెక్షన్‌లో నీలి కణాలను నాలుగు గడుల్లో లెక్కపెట్టండి: నీలం ఉండి దాత గుర్తు ఉన్నవి, నీలం ఉండి మాక్రోఫేజ్ గుర్తు ఉన్నవి, రెండు గుర్తులూ ఉన్నవి, ఏ గుర్తూ లేనివి. మొదటి గడి మొత్తంలో ఎన్నో వంతు ఉందో పేపర్లో ఎంఆర్ఐ బొమ్మ కిందే, అదే పేజీలో ఇవ్వండి. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న అదే.